లొట్టిల తోడు ఎవరిది?

(కల్లు, ఈస్ట్, గీత వృత్తి తెలివి మీద కోరుట్లల విద్యార్థులు, ఉద్యోగులు, వృత్తిదారుల ముందు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరును చాలావరకు అట్లనే ఉంచినం.)



ఇయ్యాల నేను మాట్లాడే ముచ్చట పేరు వింటె మీల కొందరికి నవ్వు రావచ్చు. బీరు తయారుచేసేటోళ్లు దాంట్ల కలిపే ఈస్ట్‌ను ముందుగాల ఎట్ల పెంచుకుంటరు అనేది ముచ్చట. జగిత్యాలకు, కోరుట్లకు, సిరిసిల్లకు దీనితోని ఏం పని అని అడుగుతరు. పని ఉన్నది. బీరు దేశాలోళ్లు ‘స్టార్టర్’ అని పేరు పెట్టి, పుస్తకాలు రాసి, ప్రయోగశాలలు కట్టి కాపాడుకుంటున్న పనినే, మన తాటివనంల గౌడన్న పేరు లేకుండ, పుస్తకం లేకుండ తరాల నుంచి చేస్తున్నడు. వాళ్లది శాస్త్రమైంది. మనది తాగుబోతుతనమైంది. ఈ తేడా ఎట్ల వచ్చింది, దానితోని మనకైన నష్టమేంది, ఇప్పుడన్న ఏం చెయ్యాలె అనేదే నేను చెప్పదల్చుకున్నది.

ఒక్క మాట ముందే చెప్పి మొదలుపెడత. ఎవ్వరినీ తాగుమని చెప్పడానికి నేను రాలేదు. ఇంట్ల బీరు చెయ్యుమని చెప్పడానికి అసలే రాలేదు. మన దగ్గర లైసెన్సు లేకుండ ఇంట్ల బీరు గాని, సారా గాని తయారుచేసుడు 1968 ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఇంగ్లండుల ఇంటి అవసరానికి బీరు చేసుకునేటోళ్లకు లైసెన్సు అక్కరలేదని 1963ల తేల్చిండ్రు. అమెరికాల 1978ల చట్టం తెచ్చిండ్రు. అక్కడ ఇంట్ల బీరు చేసుకునుడు ఒక సరదా. మనకు ఆ వీలు లేదు. నేను చెప్పేది తాగుడు గురించి కాదు, తెలివి గురించి.

పాలకు పెరుగు, రసానికి ఈస్ట్

తోడు అంటె ఏందో మన అమ్మలకు చెప్పాల్సిన పనిలేదు. మాపటికి గోరువెచ్చటి పాలల్ల చెంచెడు పెరుగు ఏస్తరు. తెల్లారేవరకు గిన్నెడు పెరుగైతది. పాలు మరీ కాగి ఉంటె తోడు చస్తది. మరీ సల్లగుంటె తోడుకోదు. తోడు తక్కువ పడితె పాలు ఇరిగి వాసనొస్తయి. పుల్లటి పెరుగు తోడేస్తె పుల్లటి పెరుగే అయితది. ఈ నాలుగు మాటలు తెలిసినోళ్లకు బీరు ఫ్యాక్టరీల పని చేసేటాయనకు తెలిసిన దాంట్ల సగం తెలిసినట్టే.

పెరుగుల పని చేసేది బ్యాక్టీరియా. బీరుల, కల్లుల ముఖ్యంగ పని చేసేది ఈస్ట్. ఇది ఒక్క కణంతోని బతికే జీవి. మిల్లీమీటరును రెండు వందల పాళ్లు చేస్తె అందుల ఒక పాలంత ఉంటది. చక్కెర తింటది, ఆల్కహాల్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతది. కల్లు మీద నురగ ఆ వాయువే. మత్తు ఆ ఆల్కహాల్‌దే. బేకరీల బ్రెడ్డు ఉబ్బించేది గూడ ఇదే జాతి. శాకరోమైసిస్ సెరవీసియే అని దానికి శాస్త్రంల పేరు.

ఇది జీవి అన్న సంగతి యూరపోళ్లకు గూడ మస్తు దినాలు ఎర్కలేదు. 1516ల జర్మనీల బవేరియా దొర బీరు మీద ఒక చట్టం తెచ్చిండు. బీరుల బార్లీ, హాప్స్ పువ్వు, నీళ్లు తప్ప ఇంకోటి ఉండొద్దన్నడు. అందుల ఈస్ట్ పేరే లేదు. ఎందుకంటె అది ఉన్నదనే తెల్వదు. పాత పీపల అడుగున మిగిలిన మడ్డిని కొత్త పీపల పోస్తె పొంగుతదని మాత్రం తెలుసు. 1680ల లీవెన్‌హుక్ అనే డచ్చాయన సూక్ష్మదర్శినిల బీరు చుక్క పెట్టి గుండ్రటి రవ్వలు చూసిండు గాని, అవి ప్రాణమున్నయని అనుకోలేదు. 1857 నుంచి పాశ్చర్ చేసిన ప్రయోగాలతోని పులుపు ఎక్కుడు జీవుల పని అని గట్టిపడ్డది.

ఆ తర్వాత 1883ల డెన్మార్కుల కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలల ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ అనే శాస్త్రవేత్త ఒక పెద్ద పని చేసిండు. బీరు ఎందుకు చెడిపోతున్నదని చూస్తె, మంచి ఈస్ట్‌ల అడవి ఈస్ట్ కలుస్తున్నదని తేలింది. అప్పుడాయన ఒకే ఒక్క ఈస్ట్ కణాన్ని పక్కకు తీసి, దాన్నుంచే మొత్తం పెంచిండు. కంపెనీ యజమాని యాకబ్సన్ ఆ ఈస్ట్‌ను దాచుకోలేదు. అడిగిన బీరు కంపెనీలకు ఊరికే ఇచ్చిండు. ఇయ్యాల దునియాల అమ్ముడుపోయే బీరుల ఎక్కువ భాగం లాగర్ బీరే. దాని ఈస్ట్ చరిత్ర ఆ ప్రయోగశాల తోని ముడిపడి ఉన్నది. తెలివిని గౌరవిస్తె ఎట్లుంటదో అది చూసి నేర్చుకోవాలె.

స్టార్టర్ లెక్క

ఇప్పుడు ఇంట్ల బీరు చేసుకునే దేశాలల్ల ఈ తోడు ఎట్ల తయారు చేస్తరో చెప్త. విద్యార్థులు జర లెక్క పెట్టుకోండ్రి.

ఇరవై లీటర్ల బీరు చెయ్యాలంటె సుమారు 18 వేల కోట్ల నుంచి 20 వేల కోట్ల ఈస్ట్ కణాలు కావాలె. కొత్తగ వచ్చిన ద్రవ ఈస్ట్ పొట్లంల 10 వేల కోట్ల కణాలు ఉంటయి. పొట్లం పాతదైనకొద్ది అందుల బతికున్నయి తగ్గుతయి. అంటె నేరుగ పోస్తె సగానికి సగం తక్కువ. అందుకే ముందు రోజులల్ల చిన్న పాత్రల తోడు పెంచుకుంటరు.

లీటరు నీళ్లల్ల వంద గ్రాముల మాల్ట్ పొడి కలుపుతరు. మాల్ట్ అంటె మొలకెత్తిన బార్లీని ఎండబెట్టి తీసిన తీపి సరుకు. మన పిల్లలకు రాగి మొలకలతోని చేసిన జావ తాపుతం గదా, ఆ తీపి ఎక్కడనుంచి వస్తదో ఇది గూడ అక్కడనుంచే. ఆ నీళ్లను పది పదిహేను నిమిషాలు మసలబెడతరు, అందుల ఉన్న తక్కిన జీవులు చావాలని. తర్వాత 20 నుంచి 25 డిగ్రీలకు సల్లారబెట్టి ఈస్ట్ ఏస్తరు. మూతి గట్టిగ బిగియరు, రేకు కప్పి వదిలేస్తరు. లోపల పుట్టే వాయువు బయటికి పోవాలె. అప్పుడప్పుడు గిరగిర తిప్పుతరు. ఎందుకంటె ఈస్ట్‌కు పిల్లలు కావాలంటె గాలి కావాలె, ఆక్సిజన్ తోని దాని పొర గట్టిపడుతది. ఒకటి రెండు రోజులల్ల అడుగున తెల్లటి మడ్డి పేరుతది. చల్లటి దాంట్ల పెట్టి, మీది నీళ్లు ఒంపేసి, ఆ మడ్డిని అసలు బీరుల పోస్తరు. ఇంతే స్టార్టర్ అంటె.

ఇగ దాని బలం చూడండ్రి. మంచి వేడిమిల ఈస్ట్ కణం సుమారు రెండు గంటలకు ఒకసారి రెండైతదనుకోండ్రి. తిండి, గాలి తక్కువ కాకుంటె ఒక్క కణం ఇరవై నాలుగు గంటలల్ల పన్నెండు సార్లు రెట్టింపు అయితది. అంటె 4,096 అయితయి. 38 సార్లు రెట్టింపు అయితె 27 వేల కోట్లు దాటుతది. హాన్సెన్ ఒక్క కణంతోని మొదలుపెట్టి ఫ్యాక్టరీ నింపిన రహస్యం ఇదే. ఎవుసం చేసే బిడ్డలకు ఇది కొత్త కాదు. పిడికెడు నారుతోని మడి నింపుడే.

ఇంత కష్టం ఎందుకంటె ఒక్కటే కారణం. చక్కెర నీళ్ల మీద చాలమందికి ఆశ ఉంటది. ఈస్ట్ తక్కువుంటె పని మెల్లగ మొదలైతది. ఆ సందుల పులుపు బ్యాక్టీరియా, సిర్కా బ్యాక్టీరియా చొరబడి రసాన్ని పాడుచేస్తయి. మంచి తోడు ఎక్కువుంటె అది తొందరగ జాగ పట్టి, పుల్లగ చేసి, ఆల్కహాల్ పెంచి వేరేటోళ్లను రానియ్యది. చేనుల ఇత్తు తొందరగ మొలిస్తె గడ్డి లేవనట్టు.

ఇగ లొట్టి కాడికి వద్దాం

ఇదంత మన తాటివనంల ఎట్ల జరుగుతదో చూద్దాం. చెట్టు లోపల రసం ఉన్నప్పుడు అందుల దాదాపుగ ఏ సూక్ష్మజీవి ఉండదు. గౌడన్న మోకు ఏసుకొని, గుజి కట్టుకొని ఎక్కి, గెల కొసను కత్తితోని పలుచగ చెక్కుతడు. బొట్టు బొట్టు రసం కారుతది. నూరు పాళ్లల పది పన్నెండు పాళ్లు చక్కెర ఉంటది. పొట్లం విప్పి ఈస్ట్ ఏసేటోడు అక్కడ ఎవ్వడూ లేడు. మరి కల్లు ఎట్ల పొంగుతది?

తోడు మూడు దిక్కులనుంచి వస్తది. ఒకటి, చెక్కిన గెల కొస మీద నిలిచిన జీవులు. రెండు, తీపి వాసనకు వచ్చే తేనెటీగలు, కందిరీగలు, ఈగలు. అవి కాళ్లకు ఈస్ట్ అంటించుకొని తిరుగుతయి. మూడోది, అన్నిటికన్న పెద్దది, మట్టి లొట్టి. కాల్చిన మట్టిల కంటికి కనపడని సన్నటి రంధ్రాలుంటయి. నిన్నటి కల్లు ఒంపినా, ఆ రంధ్రాలల్ల ఈస్ట్ దాగి ఉంటది. ఇయ్యాల రసం పడంగనే అది లేస్తది. కొత్త లొట్టి కడితె రసం తీయగ ఉండి ఆలస్యంగ పొంగుతది. పాత లొట్టి కడితె దించేసరికె నురగ. ఆ పాత లొట్టే గౌడన్న స్టార్టర్.

చెట్టు మీద లొట్టి ఉన్న ఆ కొన్ని గంటలల్ల జరిగే పని చిన్నది కాదు. ముందుగాల పులుపు బ్యాక్టీరియా లేచి రసాన్ని పుల్లగ చేస్తది. దానితోని వేరే చెడు జీవులు ఆగుతయి. పులుపు అంటె ఈస్ట్‌కు భయం లేదు, అది అప్పుడు పుంజుకుంటది. జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా గూడ తోడొచ్చి ఆల్కహాల్ చేస్తది. మెక్సికోల కలబంద లెక్క ఉండే చెట్టు రసంతోని చేసే పుల్కే అనే కల్లుల ఈ బ్యాక్టీరియాను 1920ల నాటి శాస్త్రవేత్తలు గుర్తించిండ్రు. అక్కడి రైతుకు, మన గౌడన్నకు సముద్రాల దూరం. ఇద్దరి కుండల ఒకటే జీవి. ఒక దినం లోపల్నే కల్లుల ఆల్కహాల్ నాలుగైదు శాతానికి చేరుతది. ఆ మీద ఆగితె సిర్కా బ్యాక్టీరియా ఆ ఆల్కహాల్‌ను తిని పులుసు చేస్తది. అందుకే పొద్దటి కల్లు తీపి, పగటి కల్లు పొంగు, మర్నాటి కల్లు పులుపు. ఇది రుచి ముచ్చట కాదు, జీవుల వరుస. ఆ వరుస ఎర్కున్నోడే ఏ లొట్టి ఎప్పుడు దించాలె, దేన్ని ఎవరికి పొయ్యాలె అని చెప్పగలడు.

బీరు ఫ్యాక్టరీల ఒక్క ఈస్ట్ మాత్రమే. లొట్టిల పెద్ద మంద. అందుకే రోజుకో తీరు, ఊరుకో రుచి. ఇది బలమే, బలహీనత గూడ. లొట్టి శుభ్రం లేకుంటె మంచి ఈస్ట్ కన్న సిర్కా బ్యాక్టీరియా ఎక్కువైతది. పూర్తిగ కాల్చి కడిగితె తోడు పోతది. ఈ రెండిటి నడుమ లొట్టిని ఎంత కడగాలె, ఎప్పుడు ఎండబెట్టాలె, ఎప్పుడు పారేయాలె అనేది గౌడన్న చేతికి, ముక్కుకు తెలుసు. దాన్ని ఎవ్వరూ రాసి పెట్టలేదు.

సున్నం గూడ శాస్త్రమే

తోడు పెట్టుడే కాదు, తోడు ఆపుడు గూడ ఆయనకు ఎరుకే. లొట్టి లోపల సున్నం పూస్తె రసం పొంగదు. సున్నంతోని పులుపు పెరగక, ఈస్ట్ పని చెయ్యలేక పోతది. ఆ తియ్యటి రసమే నీరా. తాటిబెల్లం చేసేటోళ్లు గూడ ఇదే పని చేస్తరు. ఇప్పుడు మంచు పెట్టెలతోని చల్లగ దించుతున్నరు, సల్లటి దాంట్ల ఈస్ట్ నిద్రపోతది. 2023ల హైదరాబాదుల నెక్లెస్ రోడ్డు మీద సర్కారు నీరా కేఫ్ తెరిచింది. మంచిదే. కాని ఒక సంగతి గమనించాలె. నీరా అంటె తోడు రానియ్యని రసం. కల్లు అంటె తోడు వచ్చిన రసం. తోడు రాకుండ ఆపినందుకు శాస్త్రమని సన్మానం. తోడు పెంచినందుకు మాత్రం నిషా అని నింద. రెండూ ఒకే మనిషి తెలివి గదా?

ఈ నింద ఒక్కనాడు రాలేదు. నిజాం జమానల ఫసలీ 1316 ఆబ్కారీ చట్టం దగ్గర్నుంచి నేటి దాక, సర్కారుకు కల్లు అంటె ఖజానే. చెట్టుకింత అని రకం కట్టించుకున్నరు. వేలం పాడిన గుత్తేదారు చేతుల గౌడన్నను పెట్టిండ్రు. తర్వాత గీత సహకార సంఘాలు వచ్చినయి. చట్టాలు మారినయి, పాలకులు మారిండ్రు. 2004ల హైదరాబాదుల కల్లు దుకాణాలు మూతపడ్డయి, 2014ల రాష్ట్రం వచ్చినంక మళ్ల తెరుచుకున్నయి. 2024ల చెట్టు మీదినుంచి పడకుండ కాటమయ్య పేరుమీద రక్షణ కిట్లు ఇయ్యడం మొదలైంది. చెట్టు లెక్క చూసిండ్రు, దుకాణం లెక్క చూసిండ్రు, మనిషి ప్రాణం గూడ ఆలస్యంగనన్న చూసిండ్రు. లొట్టి లోపల ఏమున్నదని మాత్రం ఎవ్వరు చూసిండ్రు?

తోడు పోయి పౌడర్ వచ్చింది

చూడకపోతె ఏమైతదో మన పట్నాలల్ల చూస్తున్నం. జర లెక్క చేద్దాం. చెట్టును బట్టి, కాలాన్ని బట్టి ఒక్క తాడు దినానికి ఒకటి నుంచి నాలుగైదు లీటర్లు ఇస్తది. మూడు లీటర్లు అనుకుందాం. ఒక దుకాణంల రోజుకు వెయ్యి సీసలు అమ్ముతున్నరనుకోండ్రి. సీసకు 650 మిల్లీలీటర్లు. అంటె 650 లీటర్లు. దానికి రోజూ పారే చెట్లు 217 కావాలె. ఒక్కో గౌడన్న దినానికి ఇరవై చెట్లు ఎక్కుతడనుకుంటె పది పదకొండు మంది కావాలె. మీ వాడకట్టు దుకాణం కాడ నిలబడి మీరే ఈ లెక్క చెయ్యండ్రి. సీసలెన్ని, చెట్లెన్ని, ఎక్కేటోళ్లెందరు? లెక్క కుదరకపోతె నడుమ ఏం కలిసిందో అడగండ్రి.

కలిసేది ఏందో దాచేటిది కాదు. నీళ్లు, తీపికి శాకరిన్, పులుపుకు నిమ్మ ఉప్పు. నిషాకు క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలామ్. ఈ చివరి రెండు నిద్ర మాత్రల మందులు. ఈస్ట్ నాలుగు శాతం ఆల్కహాల్ చెయ్యాలంటె చెట్టు కావాలె, గంటలు కావాలె, మనిషి కావాలె. పౌడర్‌కు చెంచ చాలు. ఈ కల్లుకు తోడు అక్కరలేదు, ఎందుకంటె అది కల్లే కాదు.

దీని దెబ్బ ఎవరి మీద? సిరిసిల్లల పన్నెండు గంటలు సాంచల చప్పుడుల నిలబడ్డ కార్మికుని మీద. బీడీలు చుట్టీ చుట్టీ నడుము పట్టేసిన అక్కల మీద. కైకిలికి పోయొచ్చిన అవ్వల మీద. ఒళ్లు నొప్పులకు అని మొదలైతది. కొన్ని వారాలు తాగితె మెదడు దానికి అలవాటు పడుతది. ఒక్కసారి ఆపితె చేతులు వణుకుతయి, ఫిట్స్ వస్తయి, లేనివి కనపడుతయి. 2015ల సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసి ఆపినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ దిక్కు దవాఖానలు ఇట్లాంటోళ్లతోని నిండినయి. కల్లు మానితె పిచ్చెక్కుతదని అప్పుడు జనం అనుకున్నరు. అది కల్లు మానితె వచ్చింది కాదు, మందు మానితె వచ్చింది. అందుకే ఇంట్ల ఎవరన్న దీనికి అలవాటు పడి ఉంటె తిట్టి, కొట్టి ఒక్కనాడే ఆపకుండ్రి. డాక్టరు కాడికి తీస్కపోండ్రి, మందు మెల్లమెల్లగ తగ్గించాలె. 2025 జులైల హైదరాబాదు కూకట్‌పల్లిల కల్తీ కల్లు తాగి పలువురు చచ్చిపోయిండ్రు. రాష్ట్రం వచ్చి పదకొండేండ్లు అయినంక గూడ లొట్టిలకు ఏమొస్తున్నదో మనం చూసుకోలేకపోతున్నం.

ఇట్ల అన్నంత మాత్రాన అసలు కల్లు అమృతం అని నేను చెప్పను. అందుల ఆల్కహాల్ ఉన్నది. ఎక్కువ తాగితె కాలేయానికి, కుటుంబానికి, జేబుకు నష్టమే. కాని ఏది కల్లు, ఏది విషం అని తేడా తెలియకపోతె మంచి చెడ్డల మాటే ఉండది.

క్యాంపులల్ల మన పిల్లలు

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అన్నట్టు మన జిల్లాల బతుకు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్‌కు పోని ఊరు లేదు. సౌదీల, కువైట్‌ల మన కైకిలోళ్లకు మద్యం నేరం. అయినా కొన్ని క్యాంపులల్ల బేకరీ ఈస్ట్, చక్కెర, పండ్ల రసం కలిపి దాచిపెట్టి పులియబెడతరని అందరికి తెలిసిందే. ఇది గూడ ఒక తీరు తోడే. కాని రెండు సంగతులు మన పిల్లలకు ఫోన్‌ల చెప్పండ్రి.

మొదటిది, పట్టుబడితె జైలు, ఆ మీద దేశం నుంచి పంపుడు. అప్పు తీరకముందే తిరిగి వచ్చుడు. రెండోది ఇంకా పెద్దది. 2025 ఆగస్టుల కువైట్‌ల దొంగ సారా తాగి 23 మంది చచ్చిపోయిండ్రు, 160 మందికి విషమెక్కింది. అందుల ఆసియా దేశాల కార్మికులే, మన దేశపోళ్లు గూడ. కొందరికి చూపు పోయింది. అది ఈస్ట్ చేసిన పని కాదు. ఈస్ట్ చేసేది ఇథైల్ ఆల్కహాల్. పండ్ల తొక్కలనుంచి వచ్చే మిథైల్ ఆల్కహాల్ చాల తక్కువ. మనుషులను చంపేది ఫ్యాక్టరీలల్ల వాడే మిథనాల్‌ను సారా పేరుతోని అమ్ముడు. వాసనతోని, రుచితోని దాన్ని గుర్తుపట్టలేం. తాగినంక పన్నెండు గంటల నుంచి ఒక దినం లోపల కండ్లు మసకబారితె, పొట్ట నొచ్చితె ఒక్క గడియ ఆగొద్దు. జైలు భయం పక్కకుపెట్టి దవాఖానకు పోవాలె. దీనికి విరుగుడు మందు ఉన్నది, కాని ఆలస్యమైతె పనిచెయ్యది.

పౌడర్ కల్లైనా, మిథనాల్ సారా అయినా కథ ఒక్కటే. జీవి చేసే పనిని తీసేసి, దాని పేరు మీద రసాయనం అమ్ముతున్నరు. అందుల చచ్చేది కూలోడే.

పశ్చిమ నార్వే రైతు, మన గౌడన్న

ఇప్పుడు ఏం చెయ్యాలె అనేదానికి ఒక ఉదాహరణ చెప్త. నార్వే దేశం పడమటి దిక్కు పల్లెలల్ల రైతులు ఇంటి బీరుకు తాతలనుంచి వచ్చిన ఈస్ట్ వాడుతరు. దాన్ని క్వైక్ అంటరు. కొందరు కట్టె దండల మీద, బట్ట మీద మడ్డి పూసి ఎండబెట్టి, మళ్ల పండుగ దాక దాచుతరు. చాలకాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. గత పది పదిహేనేండ్ల సంది శాస్త్రవేత్తలు పరీక్షించి చూస్తె, 30 నుంచి 40 డిగ్రీల వేడిమిల గూడ అది మంచిగ పనిచేస్తున్నదని తేలింది. మామూలు బీరు ఈస్ట్ అంత వేడిల చెడు రుచి ఇస్తది. ఇయ్యాల ఆ పల్లె ఈస్ట్‌ను పెద్ద కంపెనీలు పొట్లాలల్ల పెట్టి దునియాకు అమ్ముతున్నయి. కొన్ని ఈస్ట్‌లకు ఆ ఊర్ల పేర్లే ఉన్నయి.

మనది అంతకన్న ఎండ ఎక్కువున్న నేల. ఎండకాలం చెట్టు మీద లొట్టిల బతికి, పుల్లటి రసంల పోరాడి, తరాలుగ నిలబడ్డ ఈస్ట్‌లు మన లొట్టిలల్ల ఉన్నయి. వాటిల ఏం గుణమున్నదో మనం చూడకపోతె రేపు ఎవడో ఒకడు వచ్చి చూస్తడు. చూసి పేటెంటు చేసుకుంటడు. అప్పుడు మనం కొనుక్కుంటం. మన నీళ్ల ముచ్చట, కొలువుల ముచ్చట ఎట్ల జరిగిందో మీకు చెప్పక్కరలేదు. ఇత్తు ఒకరిది, పంట ఇంకొకరిది కావద్దు.

దీనికి మన చేతుల చట్టం ఉన్నది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి ఊర్ల జీవవైవిధ్య కమిటీ ఉండాలె. ఊరి చెట్టు, పశువు, ఇత్తు, వాటిని ఎరిగిన మనుషుల తెలివి ఒక రిజిస్టరుల రాయాలె. సూక్ష్మజీవులు గూడ ఆ చట్టం లెక్కల జీవ సంపదే. కంపెనీలు వాడుకుంటె ఊరికి వాటా ఇయ్యాలె. మరి మన ఊర్ల రిజిస్టర్లల్ల లొట్టి తోడు గురించి ఒక్క లైనన్న ఉన్నదా? ఇక్కడున్న పంచాయతీ ఉద్యోగులు రేపు పోయి ఆ రిజిస్టరు తీసి చూడండ్రి. లేకుంటె రాయించండ్రి.

విద్యార్థులకు ఒక పని. జగిత్యాల కాడ పొలాసల వ్యవసాయ పరిశోధనా కేంద్రం, వ్యవసాయ కాలేజి ఉన్నయి. కోరుట్లల పశువైద్య కాలేజి ఉన్నది. సిరిసిల్ల కాడ జిల్లెల్లల వ్యవసాయ కాలేజి ఉన్నది. వీటన్నిటిల సూక్ష్మజీవుల పాఠం ఉన్నది. పాఠంల హాన్సెన్ పేరు చదువుతరు, మంచిది. పక్కనే ఉన్న తాటివనానికి పోండ్రి. తాతల లొట్టి ఎక్కడిది, ఎన్నేండ్లది, ఎట్ల కడుగుతరు అని ఆ గౌడన్నను కూసోబెట్టుకొని అడిగి రాసుకోండ్రి. ఆయన ఒప్పుకుంటె చిన్న సీసల నమూనా తెండ్రి. అగర్ పళ్లెం మీద గీతలు గీసి, ఒక్కో ఈస్ట్‌ను పక్కకు తియ్యండ్రి. ఎంత వేడిల బతుకుతది, ఎంత ఆల్కహాల్ తట్టుకుంటది పరీక్షించండ్రి. మంచివి దొరికితె చండీగఢ్‌ల ఎంటీసీసీ లాంటి జాతీయ సూక్ష్మజీవుల భాండాగారంల ఊరి పేరుతోని, ఆ వృత్తి పేరుతోని దాచిపెట్టండ్రి. ఇది పీహెచ్‌డీలకు సరిపోయే పని.

గీత సంఘాల అన్నలకు ఒక పని. మీ దుకాణాల ముందు చెట్ల లెక్క రాసి పెట్టండ్రి. ఈ దినం ఎన్ని చెట్లు పారినయి, ఎన్ని లీటర్లు దిగినయి, ఎన్ని సీసలు పోసినం అని. పౌడర్ కలిపేటోడు మన కులమోడైనా, మన సోపతిగాడైనా వాణ్ని దాచొద్దు. వాడు చంపుతున్నది తాగేటోణ్నే కాదు, మీ వృత్తిని గూడ. కొత్తగ ఎక్కే పిల్లలకు మోకు, గుజి నేర్పినట్టె లొట్టి ముచ్చట నేర్పండ్రి. ఎట్ల కడగాలె, ఎన్నటికి మార్చాలె, మంచి తోడును కొత్త లొట్టికి ఎట్ల అందియ్యాలె అని. ఈత, తాటి మొక్కలు నాటుమని అడగండ్రి. చెట్టు లేకుంటె లొట్టి లేదు, లొట్టి లేకుంటె తోడు లేదు.

సర్కారుకు ఒక మాట. కల్తీ పట్టుడు అంటె సీసలు పగలగొట్టి ఫోటో దిగుడు కాదు. ఒక్కో జిల్లాల నమూనాలు తొందరగ పరీక్షించే ప్రయోగశాల కావాలె. అలవాటు పడ్డోళ్లకు ఏరియా దవాఖానల మందు తగ్గించే చికిత్స కావాలె. నీరాకు ఇచ్చినంత విలువ మంచి కల్లు తెలివికి గూడ ఇయ్యాలె.

బవేరియా దొరకు 1516ల ఈస్ట్ కనపడలేదు, కనుక చట్టంల రాయలేదు. మనకు 2002 నుంచి చట్టం ఉన్నది, చేతికింద సూక్ష్మదర్శిని ఉన్నది, ఇంకా చెట్టెక్కే గౌడన్న ఉన్నడు. ఈ మూడు ఒక్కకాడ కలిసేది ఈ పదేండ్లల్నే. తర్వాత ఎక్కే చేతులు ఉంటయో ఉండయో చెప్పలేం. లొట్టిల తోడు మనదే అని చెప్పాలంటె ముందుగాల అది ఏందో మనం చూసి, రాసి పెట్టుకోవాలె. ఈ వారంల మీ ఊరి తాటివనానికి పొయ్యి మొదలుపెట్టండ్రి.

సెలవు.